మా ఇంటి ముందు ఆగని మేళం

మా చిన్నప్పుడు... ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా మేళం ముందు మా ఇంటికే వచ్చేది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. నాన్న కుండలు చేసేవాడు. కుండలు కాల్చే ఆవం పొగ ఎవరికీ తగలకూడదని మా ఇల్లు ఊరికి ఎడంగా, కాలవ అవతల ఉండేది. బడి వదిలాక వంతెన దాటేదాన్ని నేనొక్కదాన్నే. ఆడుకోవడానికి ఏ పిల్లా అటు వచ్చేది కాదు... మట్టిముద్దలతోనే నా కబుర్లన్నీ.

పెళ్లిరోజున మాత్రం జనమంతా మా వాకిట్లోనే. పీటల దగ్గర పెట్టే అరివేణి కుండలు కుమ్మరింటి నుంచే వెళ్లాలి కదా... ముత్తయిదువలు సన్నాయితో వచ్చి, నాన్న తిప్పే సారెకి పసుపు కుంకుమ పెట్టి, ఆయనకి కొత్త పంచె ఇచ్చి, కుండలు ఎత్తుకెళ్లేవాళ్లు. ఆ గంటసేపు నా అంత గొప్పది ఊళ్లో లేదనుకునేదాన్ని.

ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే పద్మ వాళ్లక్కకి పెళ్లి కుదిరింది. "మీరంతా మా ఇంటికి రావాలిగా" అని క్లాసంతా టముకేశాను. కుండలు కావాలని ఎవరూ వచ్చి చెప్పే అలవాటు లేదు. పెళ్లని తెలిస్తే చాలు, నాన్న చేసి ఉంచేవాడు. అమ్మ వాకిలి అలికింది. నేను పట్టు పరికిణీ కట్టుకుని పొద్దున్నే గుమ్మంలో కూర్చున్నాను.

మేళం వినిపించింది... వంతెన దాకా వచ్చింది... ఆగకుండా ఉయ్యూరు రోడ్డెక్కేసింది. పెళ్లి అక్కడి కల్యాణమండపంలోనట. కుండలు కూడా బెజవాడలో కొన్నారట, అద్దాలు అంటించినవి.

"హడావుడిలో మర్చిపోయుంటార్లేమ్మా. వస్తారు" అన్నాడు నాన్న.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. నాన్న ఆ కుండలు అటక మీద పెట్టేశాడు. పద్మ తప్పేం లేదని తెలిసినా, మర్నాడు వేరే బెంచీలో కూర్చున్నాను.

తర్వాత ఒక్కో పెళ్లీ మా వైపు రావడం మానేసింది.

నా పెళ్లికి నాన్న ఆ కుండలే దింపాడు. సున్నం రాలిన చోట మళ్లీ పూశాడు. "కుండలు మనింట్లోనే ఉన్నాయి కదండీ, ఇంక మేళం ఎక్కడికెళ్తది?" అంది అమ్మ. వింటేగా! మేనత్తల్ని, మేళాన్ని వంతెన దాకా పంపించి, అక్కణ్నుంచి వాయించుకుంటూ మా ఇంటికే రమ్మన్నాడు. తను గుమ్మంలో నిలబడ్డాడు.

మేళం వచ్చి ఆగింది.

"రండమ్మా, రండి. పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తన్నా" అన్నాడు, సొంత చెల్లెళ్లతో. పెళ్లికూతుర్నని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

ఇప్పుడు నాన్న లేడు. సారె పెరటిగోడకి ఆనించి ఉంది. కుండల సెట్టు ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికే వచ్చేస్తోంది... మేళం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

మీ పెళ్లికి అరివేణి కుండలు ఎవరింటి నుంచి తెచ్చారు? ఆ గుమ్మంలో మీకోసం ఎవరు ఎదురుచూశారో గుర్తుంటే... కాస్త చెప్పండి.