ఒక్క మాటతో క్షమించిన తండ్రి

ఆట విడుదలైన శుక్రవారం సాదియా ఒకచోట కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తెరుస్తుంది, మూస్తుంది, వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ వస్తుంది. సాయంత్రానికి రివ్యూలు బయటికొస్తాయని కంపెనీవాళ్ళు చెప్పారు.

నరసరావుపేటలో బళ్ళో ఇంగ్లీషు చెప్పడం మానేసి, బెంగళూరులోని ఓ చిన్న కంపెనీకి ఇంటినుంచే ఆమె ఈ వీడియో గేమ్ కథ రాసింది. పేరు ‘అద్దె జ్ఞాపకం’. ఎప్పుడో రాబోయే నగరం. మనుషుల తలల్లో చిప్పులు, మేడల నిండా వెలిగే ప్రకటనలు, జ్ఞాపకాలు కొనే అంగళ్ళు. భార్య పాడిన జోలపాట జ్ఞాపకాన్ని ఒక తండ్రి తలలోంచి కూతురే దొంగతనంగా తీసి అమ్మేస్తుంది. చివర్లో ఒప్పుకుంటుంది. తండ్రి క్షమిస్తాడు.

మొదటి రివ్యూ ఆ నగరాన్నీ, దాని సందుల్లో కురిసే వాననూ మెచ్చుకుంది. రెండోది, ఆడటం తక్కువ, మాటలు ఎక్కువ అంది. మూడోది చదివి సాదియా లేచి నిలబడింది. ‘ఇంత కథ నడిపి, చివరికి తండ్రి చేత పర్వాలేదమ్మా అనిపించారు. రాసినవాళ్ళు ఏ తండ్రినీ దగ్గరగా చూసినట్టు లేదు.’

టీమ్ పెద్ద లహరికి ఫోన్ చేసింది.

“నేను మొదట రాసినప్పుడు చివర్లో ఆ తండ్రి అసలు మాట్లాడడు. మీరే మార్పించారు.”

“ఆయన మాట్లాడకపోవడమూ కుదరలేదు సాదియా. అప్‌డేట్ వదులుదాం. చివరి సీను మళ్ళీ రాయి.”

ఇంట్లో ఉండలేక తండ్రి సీటు కవర్ల కొట్టుకు నడిచింది. జాన్ సాహెబ్ దాచేపల్లి నుంచి వచ్చిన సిమెంటు లారీ సీటుకు కవరు కుడుతున్నాడు. తల్లి జైనాబ్ బీ టీ తెచ్చి అక్కడే కూర్చుంది.

“ఏందే, మొహం అట్టా పెట్టావు?” అని అడిగింది.

సాదియా తండ్రివైపు తిరిగింది. “అబ్బాజాన్, అమ్మీ పాడే జోలపాట నీ తలలోంచి తీసి నేను ఎవరికో అమ్మేశాననుకో. ఏం చేస్తావు?”

“నేనైతే ముందు నాలుగు తగిలిస్తా” అంది తల్లి.

జాన్ సాహెబ్ మిషన్ ఆపాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

“ఎవరికి అమ్మావు?”

“ఎవరికో. తెలియదు.”

“పిల్లలున్నోడేనా? పాడుతున్నాడా, ఊరికే దాచిపెట్టాడా?”

“నా మీద కోపం రాదా?”

“వస్తది. చానా వస్తది. ముందు వాడు ఏడున్నాడో చూడాలిగా.”

సాదియా టీ తాగకుండానే ఇంటికి వెళ్ళింది. కొత్త ముగింపులో తండ్రి తిట్టడు, క్షమించడు. చొక్కా తొడుక్కుని, కొన్నవాడి చిరునామా అడుగుతాడు. కూతురు వెంట నడుస్తుంది. ఆయన వెనక్కి తిరిగి చూడడు. ఒక ఇరుకు గదిలో ఎవరో పసిబిడ్డకు ఆ పాట పాడుతుంటారు. అది తనదేనని గుర్తుపట్టలేక ఆయన గుమ్మం బయట నిలబడతాడు. తలుపు కొట్టాలా, తిరిగి వెళ్ళాలా అన్నది ఆడేవాళ్ళ చేతిలో ఉంటుంది.

అప్‌డేట్ వెళ్ళింది. మూడో విమర్శకుడు ముగింపు తనను వదలడం లేదని రాశాడు కానీ, ఆటకు ముందిచ్చిన మార్కులు మార్చలేదు. కొందరు మంచి ముగింపును చెడగొట్టారని తిట్టారు. సాదియా అన్నీ చదివింది. ఎంత చదివినా మనసు నిలవలేదు.

ఒకతను మాత్రం ఆ తలుపు దగ్గరే ఆట ఆపేశానని, ఏ మీటా నొక్కలేకపోతున్నానని రాసి, మీరైతే ఏం చేస్తారని అడిగాడు. సాదియా జవాబు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. తనైతే తలుపు కొట్టేదో లేదో ఆమెకూ తేలలేదు.