సుజాత వదిన కబడ్డీ లింకులు

మా చిన్నతనంలో నెట్‌లో తెలుగు వార్త తెరిస్తే ముందు అక్షరాలు వచ్చేవి కావు... డబ్బాలు వచ్చేవి! ఆ పత్రిక ఫాంటు దిగేదాకా, మూలుగుతున్న కంప్యూటర్ ముందు నేనూ, సుజాత వదినా ఒకే స్టూలు మీద చెరో సగం సర్దుకుని కూర్చునేవాళ్ళం.

గుడివాడలో మా వీధి చివర ఉండేది ఆ నెట్ సెంటర్. నడిపేది ప్రసాద్ మావయ్య. మాకు చుట్టమేం కాదు... వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే.

సుజాత వదిన మా మేనత్త కూతురు. వాళ్ళది బందరు. కబడ్డీలో కూతకు వెళ్ళిందంటే ఎవరి చేతికీ చిక్కేది కాదు. డిగ్రీలో ఉండగా మొవ్వలో ఒక ఫైనల్ ఆడుతూ పడింది. మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక ఆట మానుకోమన్నారు డాక్టరు గారు. వాళ్ళ ఇల్లు సరిగ్గా గ్రౌండుకి ఎదురు... రోజూ అది చూస్తూ కుమిలిపోతోందని అత్తయ్య మా ఇంటికి పంపింది.

వచ్చిన కొత్తలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు స్కూలు పనేదో ఉండి, తోడు రమ్మని బతిమాలి నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటే పాత జిల్లా ఎడిషన్‌లో కబడ్డీ వార్త ఒకటి కనపడింది. అంతే... మర్నాడు నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

అలా మొదలైంది. ఎవరైనా సొంత పేజీ పెట్టుకోనిచ్చే ఒక ఉచిత సైట్లో మా ప్రాంతపు ఆటల వార్తల లింకులన్నీ ఒకచోట చేర్చేవాళ్ళం. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్... కొన్నాళ్ళయ్యాక లింకు నొక్కితే వార్త ఉండేది కాదు. అందుకని ప్రతి లింకు కిందా సంగతంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేదాన్ని. ఎలా సర్దాలన్న దాని మీద మాత్రం రోజూ తగువే. నేను తేదీల వారీగా అనేదాన్ని, తను ఊళ్ళ వారీగా అనేది.

"తేదీలు ఎవరిక్కావాలే? బందరోళ్ళు బందరు వెతుక్కుంటారు, గుడివాడోళ్ళు గుడివాడ చూసుకుంటారు!"

తన మాటే నెగ్గింది.

ఒక సాయంత్రం ఆ మొవ్వ ఫైనల్ వార్తే దొరికింది. ఐదారు లైన్లు... పైన ఫొటో. గెలిచిన కోడూరు జట్టు కప్పు పట్టుకుని నిలబడి ఉంది. అందరూ నవ్వుతున్నారు. చివరనున్న పొడుగమ్మాయి ఒక్కతే నవ్వడం లేదు.

వదిన తెర మీద ఆ అమ్మాయి దగ్గర వేలు పెట్టింది. "నా కాలు పట్టింది ఈ పిల్లేనే. పడ్డాక భుజాన వేసుకుని బయటికి తెచ్చిందీ ఈ పిల్లే. పేరేంటో..."

వార్తంతా మళ్ళీ మళ్ళీ చదివాం. బహుమతులిచ్చిన వాళ్ళ పేర్లు, హోదాలతో సహా ఉన్నాయి. ఆడిన వాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

ప్రసాద్ మావయ్య ఆ పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. "కోడూరేమన్నా కాశీనా? వెళ్ళి అడిగితే సరిపోద్దిగా!"

ఆదివారం పొద్దున్నే అమ్మ మరచెంబు నిండా మంచినీళ్ళు, పులిహోర పొట్లం ఇచ్చి పంపింది. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ... బస్సులు మారుతూ వెళ్ళాం. మొవ్వ దాటేటప్పుడు వదిన కిటికీ వైపు చూడనేలేదు.

కోడూరులో ఆటోల దగ్గర ఫొటో చూపించగానే ఒక పెద్దాయన, "మన నాగమణి కదండీ! హంసలదీవి దగ్గర మా పల్లే. ఎక్కండమ్మా, నేనూ అటే" అన్నాడు.

సముద్రం మీద వేటకెళ్ళే వాళ్ళ పల్లె అది. నాగమణి ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. వదినను చూసి లేచి నిలబడింది. ఆమె చూపు ముందు వదిన మోకాలి మీదికే వెళ్ళింది.

"నడుస్తున్నారా అండీ..." అంటూనే ఏడ్చేసింది.

ఒక ఆడపిల్ల కాలు విరగ్గొట్టానన్న బాధతో, ఆ ఫైనల్ తర్వాత తను మళ్ళీ కోర్టులో దిగలేదట... జట్టు వాళ్ళు ఎన్నిసార్లు వచ్చి పిలిచినా!

వదిన కాలు చాపుకుని అక్కడే ఇసుకలో కూర్చుంది. "నువ్వు పట్టకముందే నా మోకాలు మెలిపడింది నాగమణీ. వెనక్కి తిరగబోయి జారాను. నీ తప్పేం లేదు. అంత మంచి పట్టు నేనెక్కడా చూళ్ళేదు."

"ఒట్టేనా అండీ?"

"నా కాలు మీదొట్టు!"

ఇద్దరూ ఏడుస్తూనే నవ్వేశారు. నాగమణి వాళ్ళమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. పులిహోర పొట్లం వాళ్ళింట్లోనే విప్పాం. జట్టులో అందరి పేర్లూ నాగమణి చెబుతుంటే, ఆ ప్రింటు వెనకే రాసుకున్నాను.

మరుసటి వేసవిలో మంగినపూడి బీచ్‌లో పోటీలు పెడితే నాగమణి ఆడింది. కోర్టు గీత బయట నిలబడి అరిచిన అరుపులకి, ఇంటికొచ్చేసరికి వదినకు గొంతు లేదు. తర్వాత వదిన బళ్ళో ఆటల టీచరైంది. ఇప్పటికీ పిల్లలకు పట్టు నేర్పాలంటే నాగమణికే కబురు.

మా పేజీ మాత్రం మిగల్లేదు. ఆ ఉచిత సైటు చెప్పాపెట్టకుండా మూతపడింది... మేం సర్దిన ఊళ్ళన్నీ దాంతోనే పోయాయి. మొన్న గుర్తొచ్చి చాలాసేపు వెతికాను. ఒక్కటీ తెరుచుకోలేదు.

ఇప్పుడు ఎవరి గురించైనా క్షణంలో ఫోన్లోనే తెలిసిపోతోంది. ఫొటో చూస్తాం, ఒక లైకు కొడతాం, పైకి జరిపేస్తాం... ఒక మనిషిని వెతుక్కుంటూ అన్ని బస్సులు మారి వెళ్ళిన ఆదివారం లాంటిది నా జీవితంలో మళ్ళీ రాలేదు.

మీరెప్పుడైనా ఎవరి కోసమైనా అలా వెళ్ళారా... ఎవరింటికి? వాళ్ళు తలుపు తీయగానే ఏమన్నారు?