నలభై రెండో చుట్టు

నేను నోరు మూసుకుని కూర్చున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవతలివాళ్ల ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేసే రకాన్ని. బళ్లో టీచర్లు తిట్టారు, ఇంట్లో అమ్మ తిట్టింది, నాన్న మాత్రం దూది ఏకే మిషను మోతలో నా మాటలు వినపడక బతికిపోయాడు. దర్శిలో పరుపులు కుట్టే ఇల్లు మాది. అలాంటి నేను, నోరు తెరిస్తే చెడిపోయే పనిలోకి నా అంతట నేనే ఎగబడి వెళ్లాను.

మూడేళ్ల కిందటి మాట. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వారానికే కాలేజీ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వేసవి సెలవుల్లో విద్యార్థుల్ని పనిలో పెట్టుకునే దుకాణాలకు జీతంలో సగం ప్రభుత్వమే ఇస్తుందట. చదవగానే మంచం మీంచి ఎగిరి దూకాను. రెండేళ్లు మోటార్ల గురించి చదివాను గానీ, ల్యాబులో మోటారు చూపించినప్పుడల్లా "ఎవరూ ముట్టుకోవద్దు" అనేవాళ్లు. ఇప్పుడు ముట్టుకున్నందుకు జీతం కూడా ఇస్తామంటున్నారు! ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే పొదిలి రోడ్డులోని మోటారు వైండింగ్ షాపుకు వెళ్లాను. ఎండాకాలం మా వైపు బోరు మోటార్లు వరసబెట్టి కాలిపోతాయి, కరెంటు అలా ఉంటుంది మరి. షాపు ముందు ట్రాక్టర్లలో మోటార్లు పడి ఉన్నాయి. లోపల ఓనరు ఒక్కడే, యాభై దాటిన మనిషి, ఒంటి మీద బనీనుతో కూర్చుని వైరు లాగుతున్నాడు. నేను మెసేజ్ మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివి వినిపించాను.

"మిగతా సగం ఎవరిస్తారు?" అన్నాడు.

"మీరే బాబాయ్."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "నాకూ మనిషి కావాలమ్మాయ్. కానీ ముందే చెబుతున్నా, గవర్నమెంటు సగం వస్తేనే. రాకపోతే నిన్ను ఉంచుకోవడం నా వల్ల కాదు. తర్వాత ఏడవమాక."

దరఖాస్తు అక్కడే కూర్చుని నా ఫోన్‌లో పెట్టాను. ఒంగోలు నుంచి ఆఫీసరు వచ్చి, నేను నిజంగానే పనిచేస్తున్నానని చూసి సంతకం పెట్టాలి. ఎక్కడో కొందరు ఇంట్లో పిల్లల పేర్లు రాసేసి డబ్బు తీసుకుంటున్నారని ఫిర్యాదులు వెళ్లాయట. ఆయన ఎప్పుడొస్తాడో చెప్పరు. వచ్చేదాకా నా ఉద్యోగం గాల్లోనే ఉన్నట్టు లెక్క.

అమ్మ ఒక పూట అలిగింది, ఆడపిల్లకి మోటార్ల షాపేంటని. నాన్న ఒక్క మాటన్నాడు, "దానికి మాటల మీద నుంచి ధ్యాస మళ్లితే చాలు, పోనీ." అంత గొప్ప ఆశీర్వాదం నాకెవరూ ఇవ్వలేదు.

పని చెబుతాను. బోరు మోటారు లోపల పొడుగాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాని లోపలి గోడకు నిలువునా గాడుల్లాంటి సన్నటి స్లాట్లు ఉంటాయి. కాలిన వైరు పీకేసి, కొత్త వైరును ఒక స్లాటులోంచి అవతలికి తోసి, ఇంకో స్లాటులోంచి ఇవతలికి లాగాలి. అదొక చుట్టు. అలా ప్రతి స్లాటుకూ నలభై రెండు చుట్లు పడాలి, ఒకదాని మీద ఒకటి కుక్కేశాక లెక్కపెట్టి చూడటం కుదరదు. ఆ చివర బాబాయ్, ఈ చివర నేను. ఇద్దరం ఎవరికి వాళ్లం మనసులో లెక్కపెట్టుకుంటాం. చివర్లో ఇద్దరం ఒకేసారి అంకె పైకి చెప్పాలి. రెండు అంకెలూ కలవకపోతే వేసిందంతా పీకేయాల్సిందే. ఆ వైరు పైతొడుగు గీసుకుపోయి మళ్లీ పనికిరాదు. చుట్టు తగ్గినా పెరిగినా మోటారు వేడెక్కి నెలలోపే కాలుతుంది, అప్పుడు రైతు ట్రాక్టరేసుకుని తిట్లతో సహా వస్తాడు.

మొదటి వారం నాలుగుసార్లు పీకించాడు. నాలుగుసార్లూ తప్పు నాదే. మధ్యలో ఎవరో "ఏమ్మా, టైమెంతైంది?" అంటారు, నేను చెప్పేస్తాను, అంకె ఎగిరిపోతుంది. బాబాయ్ తిట్టడు. వైరు పీకమని కటింగ్ ప్లేయరు నా వైపు తోస్తాడు, అంతే. దానికంటే తిడితేనే నయం. ఇంటికెళ్లి పడుకుంటే కళ్ల ముందు ఎర్ర వైరే. అయినా పొద్దున లేవగానే అందరికంటే ముందు షాపు దగ్గర ఉండాలనిపించేది. చద్దన్నం నిలబడే తినేసి పరిగెత్తేదాన్ని. రెండో వారంలో మొదటిసారి ఇద్దరి అంకెలూ కలిశాయి. గట్టిగా అరిచాను. పక్క టీ కొట్టాయన ఎవరికో షాక్ కొట్టిందనుకుని కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆఫీసరు వచ్చిన రోజు మా ముందున్నది బత్తాయి తోట రైతు మోటారు. తోటకు నీళ్లాగి ఐదు రోజులైంది. పిందెలు రాలిపోతున్నాయని ఆయన పొద్దున్నుంచీ గుమ్మంలో స్టూలు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. చివరి స్లాటులో ఉన్నాం. నేను పంతొమ్మిదిలో ఉండగా జీపు ఆగింది. ఫైలు పట్టుకుని ఒకాయన లోపలికొచ్చాడు.

"సమ్మర్ స్కీములో ఇక్కడ పనిచేస్తున్న అమ్మాయి ఎవరండీ?"

పెద్దవాళ్లొస్తే లేచి నమస్కారం పెట్టాలని చిన్నప్పటి నుంచీ నేర్పారు. పైగా ఈయన సంతకం మీదే నా పనంతా ఆధారపడి ఉంది. లేస్తే లెక్క పోతుంది. ఇరవై.

"రండి సార్, కూర్చోండి," అన్నాడు బాబాయ్. ఇరవై ఒకటి.

"నువ్వేనా అమ్మా? పేరేంటి?"

నా పేరు నాలుక చివర గంతులేస్తోంది. పళ్లు బిగించాను. ఇరవై రెండు.

"ఏ కాలేజీ?... ఏమ్మా, నిన్నే." ఆయన గొంతు పెరిగింది. "ఈ అమ్మాయికి మాటలు రావా? పెద్దవాళ్లొస్తే లేవడం కూడా తెలీదా?"

ముఖమంతా వేడెక్కిపోయింది. లేవలేదు. ఆయన ముఖం చూస్తే నోరు తెరుస్తానని తెలుసు, అందుకే వైరునే చూస్తూ కూర్చున్నాను. రైతు మాత్రం చెయ్యెత్తి ఆఫీసరును ఆపి, తన స్టూలు ఆయన ముందుకు జరిపాడు. ఆయన కూర్చోలేదు. ఫైలు చంకలో పెట్టుకుని అలాగే నిలబడి చూశాడు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. చెమట కంట్లో పడినా తుడుచుకోలేదు.

"నలభై రెండు!" అన్నాను.

అటు చివర నుంచి అంకె రాలేదు. తల ఎత్తి చూస్తే బాబాయ్ ముఖం పాలిపోయి ఉంది. సార్‌ను కూర్చోమన్నప్పుడే ఆయన లెక్క పోయింది! ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషిది.

పద్ధతి ప్రకారం మొత్తం పీకాలి. ఆయన కటింగ్ ప్లేయరు చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు తోస్తాడనుకుని చెయ్యి చాపాను. తోయలేదు. నన్నోసారి చూశాడు. "నలభై రెండేనా?"

"నలభై రెండే బాబాయ్."

చుట్లు పూర్తయినట్టేనని టక్కుమని వైరు కొస తుంచేశాడు.

ఆగలేను, ఇప్పుడే చెప్పేస్తాను. మర్నాడు ఆ మోటారు బోరులో దించితే బత్తాయి తోటలోకి నీళ్లు ఉరుక్కుంటూ వచ్చాయి, ఆ ఎండాకాలమంతా అది మళ్లీ కాలలేదు. కానీ ఆ క్షణంలో ఆ సంగతి మా ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా ఆయన నా మాట మీద ఆ వైరు తుంచాడని.

అప్పుడు లేచాను. నమస్కారం, పేరు, కాలేజీ, ఊరు, నాన్న చేసే పని అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆఫీసరు బిత్తరపోయి, "చాలమ్మా, చాలు," అన్నాడు. నా చేతుల మీది వైరు కోతలు చూశాడు. ఫైలు తెరిచి రాసుకుంటూ వెళ్లి, చివర్లో పెన్ను ఆపాడు.

"ఓనరు గారూ, ఇంకో ప్రశ్న ఉంది. ప్రభుత్వం ఇచ్చే సగం ఆగిపోతే ఈ అమ్మాయిని పనిలో ఉంచుకుంటారా?"

మొదటి రోజు ఆయన అన్న మాట నాకు గుర్తుంది. గోడ వైపు తిరిగాను.

"ఉంచుకుంటాను, రాసుకోండి," అన్నాడు బాబాయ్. "లెక్క పోగొట్టుకుంది నేనండీ, ఆ అమ్మాయి కాదు."