అన్నను కలుపుకోని గంట

మోకాళ్ళు అరిగిపోయాక మసీదులో నేను కుర్చీ మీద నమాజు చేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు విజయవాడ రోడ్డు పక్కన షెడ్డులో లారీల కింద గొంతుక్కూర్చుని పనిచేసినవాణ్ణి. కుర్చీవాళ్ళం వరుస చివర కూర్చుంటాం. చిన్నప్పటి నుంచి నా చోటు అది కాదు. వరుస మధ్యలో అన్న నిలబడితే, ఆయన భుజానికి భుజం ఆనించి ఎడమ పక్కన నేను నిలబడేవాణ్ణి. మళ్ళీ నేలకు నుదురు ఆనించి సజ్దా చేయాలి, ఆ చోటికి తిరిగి వెళ్ళాలి. నాకు కావలసింది అంతే.

తొడల్లో బలం వస్తే కిందికి దిగగలవని ఎముకల డాక్టరు అన్నాడు. తిరువూరులో పురుగుమందుల కొట్టు పైన మేడ మీద కసరత్తు నేర్పే హాలుంది. ఎ.కొండూరు నుంచి రోజూ బండి మీద వచ్చే కోచ్ నన్నూ, నాతో వచ్చిన అన్ననూ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"ఒక్కరికే అయితే గంటంతా మీ ఒక్కరినే చూస్తాను బాబాయ్. ముగ్గురితో అయితే ఒకరిని చూసి ఒకరు చేస్తారు, మానేయబుద్ధి కాదు."

నేను ఒక్కడినే చేరతానని చెప్పబోయాను. అన్న చెప్పనివ్వలేదు.

"ముగ్గురిలో వెయ్యి. వీణ్ణి ఒక్కణ్ణే వదిలితే రెండోరోజుకే అలిగి ఇంట్లో కూర్చుంటాడు. నేనూ చేరతాలే."

నన్ను అడగకుండా నా సంగతి తేల్చేయడం ఆయనకు కొత్త కాదు. నాన్న జనాజా రోజున పాడె ముందు కొమ్ము పట్టుకున్న నన్ను "పొట్టోడివి, వెనక్కెళ్ళు" అని అందరి ముందూ వెనక్కి పంపాడు. పాతికేళ్ళు దాటింది. ఆ రోజు ఎవరెవరు చూశారో ఈనాటికీ చెప్పగలను.

మూడో మనిషి నెమలి వైపు మామిడి తోటలున్న రైతు. మాచేత కోచ్ చేయించిన కసరత్తుల్లో ఒకదానికి జత కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మణికట్లు పట్టుకుని, వెనక్కి వాలుతూ చిన్న స్టూళ్ళ మీద కూర్చుని మళ్ళీ లేవాలి. నాకు జత అన్న. పది రోజులు బాగానే సాగింది. పదకొండో రోజు సగం లేచాక నా కాళ్ళు వణికాయి. అన్న గట్టిగా లెక్క మొదలుపెట్టాడు.

"ఒకటి... ఒకటింబావు... ఒకటిన్నర... లెగరా, సాయంత్రం అసర్ నమాజుకన్నా లేస్తావా?"

రైతు పగలబడి నవ్వాడు. "ఈనబోయే గేదె కూడా ఇంతకంటే తొందరగా లేస్తదండీ!"

అన్న కూడా నవ్వాడు. నేను ఆయన మణికట్లు వదిలేశాను. వెల్లకిలా చాప మీద పడ్డాడు. పడి కూడా నవ్వుతూనే లేచాడు. నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

మర్నాటి నుంచి పొద్దున ఆరింటికి నా ఒక్కడికే గంట. కిటికీ ఊచలకు బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని కూర్చోమనేవాడు కోచ్. మొదట కుర్చీ, తర్వాత స్టూలు, తర్వాత పీట. లెక్క కోచ్ మనసులోనే పెట్టుకునేవాడు. హాయిగా ఉండేది. అలా అని ఇంట్లో అందరికీ చెప్పాను.

మామిడి కాయలు కోతకొచ్చాయి. రైతు రావడం మానేశాడు. అన్నకు జత లేకుండా పోయింది. ఒకరోజు బెల్టు విప్పుతూ కోచ్ అడిగాడు.

"పెద్దాయన్ని మీ టైంలో కలుపుకుందామా బాబాయ్? ఆయన షుగర్‌కి కసరత్తు మానకూడదు. ఒక్కరే అయితే చెయ్యనంటున్నారు."

"నేను ఒక్కడికనే చేరాను."

"పోనీ అరగంటయినా?"

"ఇంకో మనిషి వస్తే రేపట్నుంచి నేను రాను."

కోచ్ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత రెండుసార్లు నేను దిగుతుంటే అన్న మెట్ల మీద ఎదురయ్యాడు. గోడకు ఒత్తుకుని దారి ఇచ్చాడు. "ఎంతదాకా దిగుతున్నావురా?" అని అడిగాడు. నేను ఆగకుండా దిగిపోయాను. మూడోవారం నుంచి ఆయన కనబడలేదు.

వానలు పడ్డాక అన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కసరత్తు మానడం వల్ల కాదని డాక్టరు చెప్పాడు. నేను రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాను.

చలికాలంలో నేను నేలమీదికి దిగాను. రంజాన్ పండగనాడు ఈద్గాలో కుర్చీ వద్దని వరుసలో నిలబడ్డాను. సజ్దాకు వెళ్ళాను, లేచాను. ఏడాది పాటు నేను ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. నమాజు చివర సలాం చెబుతూ ముందు కుడివైపుకు తల తిప్పుతాం. నా బతుకంతా అక్కడ మొదట కనబడింది అన్న మొహమే. ఆ రోజు ఎవరో కనబడ్డారు. ఆ మనిషి గడ్డానికి కొత్తగా గోరింటాకు పెట్టుకున్నాడు. అంతవరకే గుర్తుంది.

అక్కణ్ణించి అన్న ఇంటికి వెళ్ళాను. మంచం మీద వంకరపోయిన నోటితో అడిగాడు.

"దిగావా?"

"దిగాను."

ఎడమ చేత్తో నా తల నిమరబోతే చెయ్యి సగంలోనే ఆగింది. నేను వంగాను. కాసేపటికి కళ్ళు మూసుకుని నిద్రలోకి జారాడు.

వదిన సేమియా తెచ్చి నా చేతికిచ్చింది. పక్క గదిలో పిల్లలున్నారని గొంతు తగ్గించింది.

"నువ్వు వద్దన్న సంగతి కోచ్ ఆ రోజే చెప్పాడు. ఈయనే ఎవరితో అనొద్దన్నాడు. పిల్లలకి తెలిస్తే నీతో మాట్లాడరంట."

ఒకటిన్నర అని లెక్కపెట్టడం తప్పే. ఇప్పటికీ అదే అంటాను. ఆయన లేచి నన్ను నాలుగు తిట్లు తిడితే నేనూ జనాజా నాటి నుంచి మొదలుపెట్టి అన్నీ అనేసేవాణ్ణి. తిట్టలేదు. ఏడాదిగా తిట్టలేదు. నేను సేమియా గిన్నె చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను. వదిన వచ్చి, వేడిచేసి తెస్తానని తీసుకెళ్ళింది.