తలుపు లేని గ్రహానికి తాళంచెవి

ఆ గ్రహానికి తలుపు లేదు. అయినా తాళంచెవి ఉంది. దాన్ని కాపాడే ఉద్యోగం కూడా ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ ఉద్యోగం తాళాలక్కది. మేడ మీద ముందు గది ఆఫీసు, వెనక గదిలో కాపురం.

రెండు సైన్యాలు ఆ గ్రహం కోసం తాతల నాటి నుంచీ కొట్టుకు చస్తున్నాయి. ఎందుకయ్యా అంటే సేనాపతులే నీళ్లు నములుతారు. రూలు మాత్రం ఇద్దరికీ ప్రాణం. గెలిచినవాడు మేడెక్కి తాళంచెవి పుచ్చుకుని, "దీన్నీ, ఇది తెరిచేదంతటినీ స్వాధీనం చేసుకున్నాను" అని రశీదు మీద సంతకం పెట్టాలి. అలా నలభై ఒక్కసార్లు గ్రహం చేతులు మారింది. తన కాలంలో వచ్చిన ప్రతి విజేతకీ అక్క ఒకటే మాట చెప్పేది: "చూసి దిగండి బాబూ, మూడో మెట్టు ఊగుతుంది." గ్రహాన్ని గెలిచిన మొనగాళ్లలో ఆ మెట్టు బాగుచేసిన మగాడు ఒక్కడూ లేడు.

పోయినసారి ఇంకో పాడు రూలు పెట్టారు. గెలిచిన చోట ఇంటికొకరు గెలిచినవాడి సైన్యంలోకి వెళ్లాలట. అక్క తమ్ముడు వెళ్లాడు, తిరిగి రాలేదు. వాడు విడిచిన నీలం చొక్కా ఉతక్కుండా ఇనప బీరువాలో దాచుకుంది. ఇక ఇంట్లో మిగిలింది పందొమ్మిదేళ్ల కూతురు.

నలభై రెండో విజేత వచ్చిన రోజు కూతురు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. అక్క కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి. కళ్లజోడు కూడా కనపడలేదు. తాళాల గుత్తిలోంచి చేతికందింది తీసిచ్చేసింది. సేనాపతి సంతకం పెట్టాడు, బ్యాండు మోగింది.

పిల్లకి దుప్పటి ఇద్దామని బీరువా దగ్గరికెళితే తెలిసింది. బీరువా తాళంచెవి లేదు, గ్రహానిది గుత్తిలోనే ఉంది!

"కొంప మునిగింది బాబోయ్!" అని ముందు గదిలోకి పరుగెత్తింది.

సేనాపతి పక్కనున్న లాయరు రశీదు మూడుసార్లు చదివాడు. "మార్చడం కుదరదు సార్. ఒక రశీదు దిద్దితే పాత నలభై ఒకటీ తిరగతోడాలి."

"అయితే నేను గెలిచిందేమిటయ్యా?"

"బీరువా సార్."

సేనాపతి కుర్చీలో కూలబడ్డాడు. అక్క మాత్రం నిలబడే ఉంది. "మరి మా అమ్మాయి?"

"అమ్మాయి బీరువాలో ఉంటుందా?" అన్నాడు లాయరు.

"లేదు బాబూ, ఎందుకుంటుంది!"

"అయితే ఆవిడతో మాకు పనిలేదు."

అక్క కూతుర్ని పట్టుకుని భోరుమంది. ఇంత సంతోషం ఆ ఇంట్లో ఏళ్ల తరబడి లేదు.

కానీ రూలు రూలేగా! గెలిచిన చోటు నుంచి ఒకరు వెళ్లాల్సిందే. ఒక సైనికుడొచ్చి బీరువాకి సెల్యూట్ కొట్టి తెరిచాడు. దుప్పట్లు, పాడైన రేడియో, నీలం చొక్కా. లాయరు చొక్కా వైపు వేలు చూపించాడు.

"అది వద్దు నాయనా! దుప్పట్లన్నీ పట్టుకుపో."

"దుప్పటి కవాతు చెయ్యలేదమ్మా," అన్నాడు లాయరు, ఎంతో మర్యాదగా.

అక్క గుమ్మంలో ఉన్న కూతురి వైపు చూసింది. చొక్కా తనే తీసింది. ముఖానికి ఆనించుకుంది. బొత్తాలు పైనుంచి కిందిదాకా పెట్టి, కాలరు సరిచేసి సైనికుడి చేతుల్లో పెట్టింది.

"మూడో మెట్టు ఊగుతుంది," అంది. "వాణ్ణి పడెయ్యకు నాయనా."