వెయ్యని అతుకు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. విసుగొచ్చేసింది. నా మీద నాకే.

గణపవరం దగ్గర చేపల చెరువుల మురుగునీరు పోయే కాలువలో నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచే పని. నేను సైటు ఇంజనీరుని. ఆ మురుగు పక్కనున్న వరిచేలలోకి ఊరకూడదనే షీటు. రెండు షీట్లు కలిసేచోట మెషీన్‌తో కరిగించి అతకాలి. అతికిందో లేదో గాలి పెట్టి పరీక్షించాలి. చివరి వారం మెషీన్ పాడైంది. మబ్బు పట్టింది. మిగిలిన షీట్లను ఒకదాని మీద ఒకటి ఊరికే పరిపించి, పైన కాంక్రీటు పోయించేసి, అన్ని అతుకులూ పరీక్షించినట్టు సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఏం పోయేది? తాడేపల్లిగూడెం నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ బురదలో నిలబడడం విసుగు, అంతే. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ నాలో నేను వెతుక్కుంటూనే ఉన్నాను, దొరకలేదు.

ఆ ఏడే సువార్తమ్మ గారు వచ్చారు. కాలువ పక్క చేను ఆవిడదే.

"ఏవండీ ఇంజనీరు గారూ, చేలోకి మురుగు ఊరుతోందండీ. వరి మొదళ్ళు కుళ్ళిపోతున్నాయి. ఓసారి మీ కాలువ చూడరా?"

"కాలువకేమీ లేదండీ. మీ గట్టుకే ఎండ్రకాయల బొక్కలుంటాయి, పూడ్చుకోండి" అన్నాను. గట్టు వైపు తల తిప్పి కూడా చూడలేదు.

"అయ్యో, మా గట్టేనా అండీ? మిమ్మల్ని అనవసరంగా అన్నాను, ఏమనుకోకండి."

క్షమాపణ ఆవిడ చెప్పారు! రెండు పంటల కాలం ఆ గట్టు తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. చివరికి విసిగిపోయి చేనును చేపల చెరువుకి లీజుకిచ్చేశారు. ఇప్పుడు వేరేవాళ్ళ చేలల్లో కలుపుకి వెళ్తున్నారు.

పోయిన నెల ఏలూరు బస్టాండులో నన్ను గుర్తుపట్టారు. "మా గట్టు మంచిది కాదని ఈ బాబు ముందే చెప్పారు" అంటూ పక్కనున్నావిడకు నన్ను చూపించారు. నేను నవ్వాను. బస్సుకి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా వానల గురించి మాట్లాడాను. ఏం మనిషిని నేను?

తప్పు ఆవిడ గట్టుది కాదు. నాది. ఇక్కడ రాయడం ఆవిడకు చెప్పడం కాదని తెలుసు. ధైర్యం ఇంతవరకే వచ్చింది. ఇది చదివే మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతుల్లో లేదు కూడా. ఇంతవరకూ రాసి లేచి మంచినీళ్ళు తాగాను. తేలిగ్గా గొంతు దిగాయి.