మా అత్త మంచం, బొరుగు మోకాళ్ళు

మా మేనత్త పోయింది. మోక అనే పల్లె నుంచి మంచంతో సహా బళ్ళారిలోని మా ఇంటికి వచ్చి, నడవ పక్క గదిలో స్థిరపడి, మా అందరినీ గుమ్మం దాటకుండానే నడిపించిన మనిషి, ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్ళీ లేవలేదు. ట్రాక్టర్లు అమ్మే నేనా వేళ కంప్లిలో, ఒకటి కొంటానని ఊరిస్తున్న ఒక రైతు ఇంట్లో మజ్జిగ తాగుతున్నాను. అమ్మ ఫోన్ చేసింది.

"అత్త పోయిందప్పా. బిరీన రా" అంది. కాసేపు ఏడ్చి, "బొరుగు గూడ కనపడ్ల్యా. యాడ దూరినాదో ఏమో" అంది.

బొరుగు మా కుక్క.

ఇలాంటి వ్యాసంలో పోయినవారి సుగుణాలు చెప్పడం మర్యాద. చెబుతాను. కానీ పాఠకులకు ముందే మనవి: ఇది రాస్తున్నవాడు మోసపోయినవాడు. మోసం చేసినది దివంగతురాలు. రెండో ముద్దాయి ఇంకా బతికే ఉంది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా చెప్పు నములుతోంది.

కాలేజీ స్నేహితుడి దగ్గర నుంచి ఆ కుక్కపిల్లను తెచ్చిన రోజున అత్త దాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది. "ఏంది రా ఇది, బొరుగంత ఉండాది? దీని బదులు ఒక సేరు బొరుగులు తెచ్చింటే ఉగ్గాని అన్నా చేస్కుంటుంటిమి గదా!" అంది. మరమరం గింజ పేరుతో నామకరణం అలా జరిగింది.

బొరుగుకు ఎత్తు తక్కువ, ఆశ ఎక్కువ. సోఫా ఎక్కేది, దూకేది. కుర్చీ ఎక్కేది, దూకేది. ఒకరోజు దూకి, వెనక కాలొకటి పైకెత్తి, మిగతా కాళ్ళ మీద గెంతుకుంటూ నా దగ్గరకు వచ్చింది. పశువుల డాక్టరు మోకాలు నొక్కి చూసి, "జంప్ మాడాక బిడబ్యాడ్రి" అన్నాడు. దూకనివ్వకూడదు. మోకాలి చిప్ప పక్కకు జారుతోంది, ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. ఎత్తుకుంటే ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ళ కింద ఒక చెయ్యి ఉండాలి. నున్నటి బండల మీద ఏదైనా పరవాలి. ఇలాగే దూకుతూ పోతే చిప్ప పూర్తిగా తప్పి, కోసి సరిచేయాల్సి వస్తుంది. ఇంత చిన్న ప్రాణి ఆ కోతకు తట్టుకుంటుందని మాత్రం ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో అత్యవసర పరిస్థితి. సోఫా మీద స్టూళ్ళు బోర్లించాను. మా ఇల్లు మూసేసిన హోటల్లా కనిపించేది, చుట్టాలు నిలబడే కాఫీ తాగేవాళ్ళు. బండల మీద గోనె పట్టాలు పరిచాను. ప్లైవుడ్డుతో మెట్లు చేసి, పచ్చ పట్టా అంటించి, సోఫాకు ఆనించాను. బొరుగు ఆ మెట్లను వాసన చూసి, వాటి మీద గోళ్ళు గీక్కుని వెళ్ళిపోయింది. వారం తిరక్కముందే అత్త వాటి మీద ఊరగాయ జాడీ ఎండబెట్టింది. "మంచి పని చేసినావు రా, జాడీకి సరిగ్గా సరిపోయినాది" అంది.

నా అసలు భయం అత్త మంచం. పెళ్ళినాటి టేకు మంచం, కింద ట్రంకుపెట్టె పట్టాలని ఇటుకల మీద లేపింది. అక్కడి నుంచి దూకితే బొరుగు మోకాలు మిగలదు. ఒట్టు వెయ్యమన్నాను.

"నా మంచం మీద కుక్కా? మీ మామనే కాళ్ళు కడుక్కోంది ఎక్కనిచ్చిందాన్ని కాదు నేను!"

"ఒట్టు పెట్టు అత్తా."

"దుర్గమ్మ సాక్షి. అది నా మంచం మీద నుంచి దూకదు. చాలా? పోయి పని చూస్కో పో."

నమ్మాను. డిగ్రీ చదివినవాణ్ణి, నమ్మాను.

కొన్నాళ్ళకు ఆమే పిలిచింది. "రేయ్ అప్పా, నాకు మోకాళ్ళు వంగల్యా. ఆ ఇటుకలు తీసి మంచం దించు." నేనూ నాన్నా కలిసి దించాం. ట్రంకుపెట్టె అటకెక్కింది. ఇటుకలు పెరట్లో పడేస్తానంటే, "ఆడనే గోడ పక్కన పెట్టు, ఇంట్లో దేనికన్నా వస్తాయి" అంది. పెద్దావిడకు ఉపకారం చేశానని ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

మోకాళ్ళ విషయంలో అత్త మాట నమ్మకపోవడానికి కారణం లేదు. మోక బస్సులోంచి అందరూ దిగాక, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగేది. కండక్టరు విజిలు ఊదినా తొణికేది కాదు. "ఇరప్పా, మోకాలు నాది, నీది కాదు" అనేది. నేను బైకు తీస్తే గుమ్మంలోంచి, "ఎక్కేది అందరూ ఎక్కుతారు రా, దిగేటప్పుడు చూసి దిగల్ల" అని కేకేసేది. ఆ మాటను నేను స్నేహితుల దగ్గర అనుకరించి నవ్వించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా అమ్మ పెళ్ళి పీటలు మాయమయ్యాయి. ఎదురింటి పెద్దమ్మ మనవరాలి నామకరణానికి తీసుకెళ్ళి తిరిగివ్వలేదని అమ్మ తీర్పు చెప్పేసింది. ఆ ఇంటికి కూర గిన్నెలు ఆగిపోయాయి. అత్త ఆ తీర్పును సమర్థించింది. "వాళ్ళింటికి పోయిన వస్తువు తిరిగొచ్చింది నేను చూళ్ళేదమ్మా" అని, నా కళ్ళ ముందే, తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంది.

బొరుగు కాలు కుదురుకుంది. డాక్టరు మోకాలు నొక్కి చూసి, "చెన్నాగి నోడ్కొండీరి" అని మెచ్చుకున్నాడు. బాగా చూసుకున్నానట. నేను వినయంగా తల వంచాను. ఇంటికొచ్చి చెబితే అత్త, "బంగారు తండ్రివి రా నువ్వు" అని గోడ వైపు తిరిగింది. దగ్గు వచ్చిందనుకున్నాను.

పోయినవాళ్ళ మంచం పెద్దకర్మ తర్వాత ఇంట్లో ఉంచకపోవడం మా ఆచారం. మోక నుంచి దూరపు చుట్టం ఒకాయన లగేజీ ఆటో తెచ్చుకున్నాడు. పరుపు తీశాం. అంచుల దాకా వేలాడే దుప్పటి లాగాను. కాళ్ళ వైపు దుప్పటి నిండా బొరుగు తెల్ల వెంట్రుకలు. గోడకూ మంచానికీ మధ్య సందులో, గుమ్మంలోంచి ఎవరికీ కనిపించని చోట, మెట్లున్నాయి. నేల మీద ఒక పెళ్ళి పీట, దాని వెనక ఇటుకల మీద ఇంకో పెళ్ళి పీట. రెంటికీ అత్త పాత చీర మడతలు పెట్టి, జారకుండా నవారుతో బిగించి కట్టి ఉంది.

అందరం చూస్తుండగానే బొరుగు వచ్చి మొదటి పీట ఎక్కి, ఆగి, రెండోది ఎక్కి, మంచం మీదికి నడిచింది. అమ్మ పిలిస్తే మళ్ళీ అలాగే దిగింది, ఒక్కో పీట మీద నాలుగు కాళ్ళూ ఆనించి. కండక్టరు విజిలు ఒక్కటే తక్కువ.

అత్త పోయిన రోజు అది ఈ సందులోంచే బయటికి వచ్చింది. భయపడి దూరిందనుకున్నాం.

అమ్మ పీటలను చూసి, "అయ్యో, నా తల్లీ!" అని ఎదురింటికి పరుగెత్తింది. అత్త పోయిన రోజు మాకు అన్నం వండి పంపిన మనిషి ఆ పెద్దమ్మ. తన మీద కేసు నడిచినట్టే ఆమెకు తెలియదు. "ఏం పీటలమ్మా?" అందట.

నేను నాన్న వైపు తిరిగాను. "అత్తకు మోకాళ్ళు వంగవు గదా. ఈ ఇటుకలు ఎవరు పేర్చినారు?"

నాన్న పేపరు దించలేదు. "నేనే పేర్చినా."

"నాకొక మాట చెప్పరా మీరు?"

"చెప్తానంటే మీ అత్తే వద్దనె. నువ్వు అంత కష్టపడి మెట్లు చేస్తివి, కుక్క తొక్కల్యా. 'వాడి మనసు చిన్నబోతాది, వాడు చేసినట్టే ఉండనీ' అనె."

సొంత అత్త, సొంత తండ్రి, సొంత కుక్క. నేను ఆఫీసుకు పోయిన ప్రతి మధ్యాహ్నం ఈ ఇంట్లో నాకు తెలియని సంసారం ఒకటి నడిచింది. ఆ మోకాలు నిలిచింది నా స్టూళ్ళ వల్ల కాదు. ఇప్పుడు ఈ కోపం తీసుకుని నేనెక్కడికి పోవాలి? దెబ్బలాడదామంటే మనిషి లేదు. నిద్రపోయే ఆ మనిషి పాదాల దగ్గర పడుకునే భాగ్యం ఈ కుక్కకు దక్కింది. నాకు ఊరగాయ జాడీ దక్కింది.

మంచం ఆటోలో వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పీటలు కడిగి లోపల పెడదామని ఆ గదిలోకి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "నువ్వే తియ్యప్పా. నా చేత కాలేదు" అంది.

వెళ్ళాను. బొరుగు రెండో పీట మీద నిలబడి ఉంది. ఎదురుగా మంచం లేదు. కోళ్ళు ఆనిన చోట బండ మీద తెల్లటి మచ్చలున్నాయి. చేతులు చాచాను, డాక్టరు చెప్పినట్టే, ఒకటి ఛాతీకి, ఒకటి వెనక కాళ్ళకు. అది నా వైపు చూడలేదు. ముందు కాళ్ళు పీట అంచున పెట్టి, ఖాళీ గదిలోకి చూస్తూ నిలబడింది.

దూకలేదు.